మూడు డోసులు వేసుకున్న అత్తమ్మకు మళ్లీ టీకా కావాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అత్తమ్మకు 66 ఏళ్లు, షుగర్ ఉంది. 2021లో కోవిషీల్డ్ రెండు డోసులు, మరుసటి ఏడాది ప్రికాషన్ డోసు వేయించాం. ఆ సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి బీరువాలో దాచుకుంది. మేడారం జాతరకు బస్సులో పోతున్నాం, మాస్క్ పెట్టుకోమంటే "ప్రభుత్వమే తీసేసింది, నాకెందుకు?" అంటోంది. కొత్త టీకా వేయించాలా డాక్టర్ గారూ?

జవాబు: ఆ మాటలో సగం నిజముంది. మాస్క్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా వేసిన రోజులు పోయాయి. 2022 మార్చి 31తో కేంద్రం కూడా కోవిడ్ ఆంక్షలు ఎత్తేసింది. అంతమాత్రాన వైరస్ పోయిందని కాదు. టీకాల వల్ల, ఒకసారి సోకి తగ్గడం వల్ల చాలామందికి అది ప్రాణం మీదికి రావడం లేదు, అందుకే తీసేశారు. ఆ లెక్క ఊరందరిదీ. 66 ఏళ్ల షుగర్ మనిషి లెక్క వేరు.

టీకా రెండు పనులు చేస్తుంది. వైరస్ అంటుకోకుండా ఆపడం మొదటిది, ఆ బలం కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. జబ్బు ముదరకుండా కాపాడడం రెండోది, అది ఎక్కువ కాలం నిలుస్తుంది. కాబట్టి మీ అత్తమ్మ వేసుకున్న డోసులు వృథా కాలేదు. కాకపోతే అవి మొదట వచ్చిన వైరస్‌ను చూసి చేసినవి. ఒమిక్రాన్ వచ్చాక వైరస్ రూపు మారింది, టీకాలనూ మార్చాల్సి వచ్చింది. మన దేశంలో అలా మార్చిన టీకా జెమ్‌కోవాక్-ఓఎంకు 2023లో అనుమతి ఇచ్చారు గానీ, అది వేయించుకున్నామని చెప్పిన పేషెంట్ నాకింతవరకు తగల్లేదు. దాని కోసం తిరిగి టెన్షన్ పడకండి.

నేనైతే ముందు ఫ్లూ టీకా వేయించమంటాను. అందులోని రకాలను ఏటా సమీక్షించి మారుస్తారు కాబట్టి నిరుటిది ఈ ఏడాదికి లెక్కలోకి రాదు. పని చేయడానికి రెండు వారాలు పడుతుంది, ప్రయాణానికి ముందురోజు వేయిస్తే లాభం లేదు. న్యుమోనియా టీకా గురించి కూడా మీ డాక్టర్‌ను అడగండి.

మాస్క్ రోజంతా అక్కర్లేదు. కిటికీలు మూసిన బస్సులో, గద్దెల దగ్గర తోపులాటలో పెట్టుకుంటే చాలు. జంపన్నవాగు ఒడ్డున తీసేసినా నేనేమీ అనను.

తిరిగొచ్చాక జ్వరం, దగ్గు వస్తే జాతర దుమ్ములే అని వదిలేయకండి. ఫ్లూ మందు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఒకటి మాత్రం వద్దు: త్వరగా తగ్గాలని ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది వేయించకండి, షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ ఎక్కువగా పట్టింది అలాంటి వాళ్లనే.