బిడ్డా, గాలి బయటికొచ్చే దారి ముందు గియ్యి

బిడ్డా,

ఫైనలియర్ ప్రాజెక్ట్‌కు వెంటిలేటర్ చేస్తున్నవని మీ అమ్మ చెప్పింది, నువ్వు వాట్సాప్‌లో పంపిన డ్రాయింగ్ గూడ చూసిన. బ్లోయర్ ఉన్నది, ఆక్సిజన్ మిక్సింగ్ ఉన్నది, ఇంత పెద్ద టచ్‌స్క్రీన్ ఉన్నది, పేషెంట్ నుంచి గాలి తిరిగొచ్చే వైపు మాత్రం ఒక గీత గీసి వదిలేసినవ్. ఐసీయూ మిషన్ల సర్వీసింగ్‌లో బతికినోణ్ని కాబట్టి చెప్తున్న, అసలు పనంత ఆ గీత దగ్గరనే ఉంటది.

గాలి లోపలికి కొట్టుడు ఎట్లనో అట్ల అయితది. 2020లో కోవిడ్ అప్పుడు అంబూ బ్యాగును, అంటే చేత్తోని ఒత్తి గాలి ఇచ్చే బ్యాగును, మోటర్‌తోని ఒత్తే డబ్బాలు ఎంతమంది చేసిన్రో నీకు తెల్సు కదా. నిమిషానికి 20 సార్లంటే రోజుకు 28,800 సార్లు, వారం తిరిగేసరికి 2 లక్షలు దాటుతది, కాసేపు చేత్తోని ఒత్తే బ్యాగుకు అంత ఆయుష్షు ఎక్కడిది. నీది బ్లోయర్ కాబట్టి ఆ బాధ లేదు, సరే.

బయటికొచ్చుడు వేరే కథ. మామూలు వెంటిలేటర్ గాలిని గుంజదు, ఊపిరితిత్తులే ముడుచుకొని బయటికి పంపాలె, మనం టైం ఇచ్చి పక్కకు జరగాలె. కాగితం తీసుకొని లెక్క చెయ్యి. ఆస్తమా పేషెంట్ అనుకో, రెసిస్టెన్స్, అంటే గాలి దారిలో అడ్డు, లీటర్-పర్-సెకండ్‌కు 20 సెంటీమీటర్ల నీళ్ల ప్రెషర్, కంప్లయన్స్, అంటే ఊపిరితిత్తులు సాగే గుణం, సెంటీమీటర్ ప్రెషర్‌కు 50 మిల్లీలీటర్లు, రెండూ గుణిస్తే టైం కాన్‌స్టంట్, అంటే ఊపిరితిత్తులు ఎంత తొందరగ ఖాళీ అయితయో చెప్పే కొలత, 1 సెకండ్ వస్తది, 95 శాతం గాలి పోవాలంటే దానికి మూడింతలు కావాలె, అంటే 3 సెకండ్లు. రేటు నిమిషానికి 20 పెట్టి ఐ-ఈ రేషియో, అంటే గాలి లోపలికి, బయటికి ఇచ్చే టైంల నిష్పత్తి, 1:2 పెడితే బయటికి నువ్వు ఇచ్చేది 2 సెకండ్లే. మిగిలిన గాలి మీద మల్ల గాలి, దాని మీద ఇంకింత, ఛాతీలో ప్రెషర్ పెరిగి గుండెకు రక్తం తిరిగొచ్చుడు తగ్గుతది, బీపీ పడిపోతది, స్క్రీన్ మీద పెట్టిన రేటు పెట్టినట్టే కనబడుతది. అందుకే ప్రతి శ్వాస చివర ఫ్లో సున్నాకు వచ్చిందా లేదా నీ సాఫ్ట్‌వేర్ చూడాలె, రాకపోతే సిస్టర్‌కు కనబడేటట్టు చెప్పాలె.

ఎగ్జలేషన్ వాల్వ్, అంటే గాలి బయటికి వదిలే వాల్వ్, కరెంట్ పోతే తెరుచుకునే రకం పెట్టు. మూసుకుంటే మనిషి మిషన్‌లో ఇరుక్కున్నట్టే. దానితోపాటు గాలి లోపలికి పోయే ఇన్‌స్పిరేటరీ వైపు యాంటీ-ఆస్ఫిక్సియా వాల్వ్ ఉండాలె, మిషన్ మొత్తం చచ్చిపోయినా పేషెంట్ తనంతట తాను రూం గాలి పీల్చుకునేటట్టు. ఈ రెండూ సాఫ్ట్‌వేర్‌తోని కాదమ్మా, స్ప్రింగుతోని కావాలె.

నీళ్ల సంగతి ఏ క్లాసులో చెప్తరో లేదో తెల్వదు. ఒకసారి రాత్రి ఫోన్ వస్తే పోయిన, సెట్ రేటు 14, స్క్రీన్ మీద 28 నడుస్తున్నది, పేషెంట్‌కు కండరాలు కదలకుంట చేసే మజిల్ రిలాక్సెంట్ ఇచ్చి ఉన్నరు, ఆయన సొంతంగ పీల్చే ముచ్చటే లేదు. చూస్తే మంచం పక్కన ట్యూబ్ కిందికి వంగిన కాడ, గాలికి తడి కలిపే హ్యుమిడిఫైయర్ ఆవిరి చల్లబడి నీళ్లు నిలిచినయ్, గాలి పోయినప్పుడల్లా అవి గుడగుడ ఊగుతున్నయ్, ఆ ఊగుడును మిషన్ పేషెంట్ శ్వాస అనుకొని ట్రిగ్గర్ అయి ఇంకో శ్వాస కొడుతున్నది. నీళ్లు పారబోస్తే 14కు దిగింది. అదే తడి, నెబులైజర్ మందు పోయి ఫ్లో సెన్సర్ మీద పేరుకుంటయ్, రీడింగ్ తప్పుతది. సెన్సర్‌ను ఫిల్టర్ తర్వాత పెట్టు, చేతికి అందేటట్టు, స్క్రూడ్రైవర్ లేకుంట ఊడొచ్చేటట్టు పెట్టు.

వాల్యూమ్, అంటే ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలి విషయం. 2000లో ఊపిరితిత్తులు బాగ దెబ్బతిన్న ఏఆర్‌డీఎస్ పేషెంట్ల మీద చేసిన అమెరికా ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ స్టడీలో కిలోకు 12 మిల్లీలీటర్లు ఇచ్చినోళ్లల్ల దాదాపు 40 శాతం చనిపోతే 6 ఇచ్చినోళ్లల్ల 31 శాతం. ఆ కిలోలు తూకం మిషన్ కిలోలు కావు, ఎత్తును బట్టి కట్టేవి. 155 సెంటీమీటర్ల ఆడమనిషి 80 కిలోలున్నా లెక్కకు 48 కిలోలే, కిలోకు 6 చొప్పున ఆమెకు 290 మిల్లీలీటర్లకు మించొద్దు. కాబట్టి స్క్రీన్ మీద బరువు అడగకు, ఎత్తు అడుగు. ఇంకోటి, ట్యూబ్ గూడ సాగుతది, సెంటీమీటర్ ప్రెషర్‌కు 2 మిల్లీలీటర్లు సాగే సర్క్యూట్, అంటే ట్యూబుల సెట్టు, అయితే 30 సెంటీమీటర్ల ప్రెషర్ దగ్గర 60 మిల్లీలీటర్లు అందులోనే ఉండిపోతయ్. 290లో 60 అంటే ఐదో వంతు! అది లెక్కలోంచి తీసి చూపించని మిషన్‌ను నేను నమ్మ.

1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో వచ్చినప్పుడు మెడికల్ స్టూడెంట్లు షిఫ్టులేసుకొని వారాల తరబడి చేత్తోని బ్యాగులు ఒత్తిన్రు. లోపల కఫం అడ్డం పడితే ఒత్తేటోళ్ల చేతికి గట్టిగ తగులుతది, ట్యూబ్ ఊడితే బ్యాగ్ లూజుగ పోతది. మిషన్‌లో ఆ చెయ్యి పని ప్రెషర్ సెన్సర్‌ది, అందుకే హై ప్రెషర్, లో ప్రెషర్ అలారంల మీద కూర్చొని మనసు పెట్టు. అలారం బజర్‌కు సొంత చిన్న బ్యాటరీ ఉండాలె, మెయిన్ బోర్డు పోయినా అది అరవాలె. ప్రతిదానికి కుయ్ కుయ్ అంటే మాత్రం సిస్టర్లు సైలెన్స్ నొక్కి పక్కకు పోతరు, వాళ్లదేం తప్పు లేదు.

పార్టులంటవా, ఎలక్ట్రానిక్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో చూడు, మెషినింగ్‌కు బాలానగర్ పో. రాణిగంజ్‌లో ఫిట్టింగులు దొరుకుతయ్ గాని మీద నూనె ఉంటది, ఆక్సిజన్ లైన్‌లో నూనె, గ్రీజు పడితే నిప్పంటుకుంటది. ఆక్సిజన్ క్లీన్ చేసినవి కాకపోతే ముట్టకు, ధర ఎక్కువైనా సరే.

మనిషికి మాత్రం తగిలించకు, మీ ఫ్రెండ్ సరదాకు నాకు పెట్టు అన్నా సరే. మన రూల్స్‌లో వెంటిలేటర్ క్లాస్ సీ డివైస్, దానికి వేరే దారి ఉన్నది, అది ఫైనలియర్ పని కాదు. టెస్ట్ లంగ్, అంటే ఊపిరితిత్తి లెక్క ఉబ్బే రబ్బరు తిత్తి, దాని మీద నడిపి, ట్యూబ్ పీకి, మడిచి, ప్లగ్ తీసి, ప్రతిసారి ఏమైతదో నోట్‌బుక్‌లో రాస్కో. నా దగ్గర పాత టెస్ట్ లంగ్ ఒకటి ఉన్నది, ఆదివారం వచ్చి పట్టుకపో, రబ్బరు పగిలిందేమో ఒకసారి చూస్కొని.

మీ మామయ్య