పెరట్లో సొరపాదు, శిబిరంలో పెసర మొలక

ప్రశ్న: మాది ఉలవపాడు దగ్గర ఒక చిన్న పల్లె. మా తాత బతికి ఉన్నన్నాళ్ళూ వేసవి సెలవులంటే నాకు పెరటి పనే. ఆయన చీకటితోనే లేచి, ఇసుకలో తవ్వుకున్న దొరువులోకి దిగి, రెండు కడవలు ముంచుకొని కావిడి భుజాన వేసుకొని వచ్చేవారు. ఆ నీళ్ళను చెంబుతో సొరపాదుకూ, దోసపాదులకూ, అవ్వ పెంచే మల్లెపొదకూ పోయడం నా వంతు. ఈ మే నెలలో మా సంఘంవారు సముద్రం వైపు సరుగుడు తోటలో పిల్లలకు పది రోజుల బైబిలు శిబిరం పెడుతున్నారు. అరవై మంది దాకా వస్తారు. పిల్లల పరిచర్య నాకు అప్పగించారు కనుక, తాత నేర్పిన పనిని వాళ్ళకు కూడా నేర్పి ఒక చిన్న తోట వేయించాలని నా ఆశ. అయితే సంఘపెద్దలలో ఒకరు, “వాక్యం చెప్పమని పిలిస్తే పిల్లల చేత మట్టి పిసికిస్తావా అమ్మా?” అన్నారు. మా ఇంటాయనేమో ఆ ఎండకు మొలకలు మాడిపోతాయంటున్నారు. నన్ను చేయమంటారా, మానుకోమంటారా?
— ఒక సోదరి, ఉలవపాడు మండలం

జవాబు: చేయండమ్మా. అయితే మీ ఇంటాయన మాట కొట్టిపారేయకండి, అందులో సగం నిజముంది. మన తీరాన మే నెల కత్తిరి ఎండలతో మొదలై రోహిణి కార్తెతో ముగుస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి వేళకు తిరిగిందా, సరుగుడు నీడలో మనిషి ప్రాణం నిలబడుతుంది. పడమటి గాలి దాన్ని అడ్డుకున్న రోజున మాత్రం మనుషులే నీడ విడిచి రాలేరు, ఇక రెండాకుల మొక్క ఎంత?

ఈ సంగతి నేను పరువు పోగొట్టుకొని నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట ఇటువంటి ఒక శిబిరంలో వంట పరిచర్యకు వెళ్ళిన నేను, ఖాళీగా ఉన్న పూట ఊరుకోలేక, నర్సరీ నుంచి నలభై వంగనారు మొక్కలు తెప్పించి, భోజనాలయ్యాక పిల్లలను వరుసలో నిలబెట్టి నాటించాను. పైగా ఎండలో పడి ఉన్న ప్లాస్టిక్ గొట్టంతో నీళ్ళు పెట్టించాను. ఆ గొట్టంలోంచి మొదట వచ్చే నీరు పొయ్యి మీది చారులా ఉంటుందని అప్పటికి నాకు తట్టలేదు. సాయంత్రం కూటానికి గంట కొట్టేసరికి నలభైకి నలభై తలలు వాల్చాయి. మర్నాడు ఒక చిన్నవాడు నా దగ్గరకు వచ్చి, “అమ్మగారూ, మన నేల రాతినేలా, ముళ్ళనేలా?” అని అడిగాడు. ముందురోజే వాళ్ళకు విత్తువాని ఉపమానం, అంటే దారి పక్కనా, రాతినేలలో, ముళ్ళలో, మంచి నేలలో పడిన విత్తనాల గురించి యేసు చెప్పిన కథ, చెప్పారు మరి. తప్పు నేలది కాదు, నాదేనని వాడితో ఒప్పుకోవలసి వచ్చింది.

కాబట్టి నారు జోలికి పోకండి, విత్తనం వేయించండి. పది రోజుల శిబిరంలో పిల్లలు కళ్ళారా చూడగలిగినవే ఎంచుకోవాలి. రాత్రి నానబెట్టిన పెసలు రెండు మూడు రోజుల్లోనే ఇసుకను పైకెత్తుతాయి, అలసందలు నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి, దోస కూడా ఇంచుమించు అంతే. బెండగింజ తోలు మందం కనుక నానబెట్టి వేస్తే వారంలోపు తల ఎత్తుతుంది. తోటకూర మొలవడం త్వరగానే మొలుస్తుంది గాని కోతకు రావాలంటే ఇరవై అయిదు, ముప్పై రోజులు కావాలి, అందువల్ల “మనం వేసిన కూర మనమే తిందాం” అని పిల్లలకు ముందుగా మాట ఇవ్వకండి. కొత్తిమీర, పాలకూర ఈ ఎండకు వద్దు. మీకు ప్రాణమైన సొరపాదు ఒక్కటి మాత్రం పెట్టించండి, దాని సంగతి కింద ఇంకొకరికి ఇచ్చిన జవాబులో చెబుతాను.

ఇసుకనేలకు ఒకేసారి కడవెడు నీళ్ళు పోస్తే అవి వేరును దాటి కిందికి జారిపోతాయి. మీ తాతగారు మీ చేతికి కడవ ఇవ్వక చెంబు ఇచ్చింది మీరు చిన్నపిల్ల అన్నందుకే కాకపోవచ్చు. పాదులో గంపెడు చివికిన పేడ ఎరువు కలిపి, విత్తనం వేసి, పైన సరుగుడు ఆకు నాలుగు వేళ్ళ మందం పరిచి, మొలక కనబడగానే దాని చుట్టూ ఆకును కొంచెం తప్పించండి. పడమటి వైపు తాటాకు మట్ట ఒకటి గుచ్చితే సాయంకాలపు ఎండ తగలదు. పాదు మధ్య పాత మట్టికుండను మెడ దాకా పూడ్చి నీళ్ళతో నింపి మూత పెడితే, కుండ ఊటకే చుట్టూ ఉన్న మొక్కలు బతుకుతాయి. పెయింటు వేసిన కుండ పనికిరాదు, దానికి ఊట ఉండదు. దొరువులో నీరు ముంచుకోవడమే మంచిది. మన తీరపు ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద తేలినట్టు ఉంటుంది, తొందరపడి మోటారు పెట్టి తోడితే ఉప్పు పైకి వస్తుంది.

ఇక ఆ పెద్దాయన మాట. మట్టి పిసకడం పరిచర్య కాదని మన జిల్లాలో పుట్టిన సంఘస్థులు అనడం నాకు కొంచెం విడ్డూరంగా ఉంది. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు, 1876–78 కరువులో జనం ఆకలితో అల్లాడుతున్నప్పుడు, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసుకొని వేలమందికి పార, తట్ట చేతికిచ్చి కూలి ఇప్పించారు. ఆ పని జరుగుతున్నప్పుడే బోధకులు కూలివాళ్ళ మధ్య కూర్చొని వాక్యం చెప్పారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం ఆ కరువు వెనకే జరిగింది. తీరం వెంట పోయే ఆ కాలువ మీ శిబిరానికి ఎంతో దూరంలో ఉండదు. పెద్దాయనకు ఎదురు చెప్పకుండా, ఒక సాయంత్రం పిల్లలతో పాటు ఆయనను కూడా కాలువ గట్టు మీదికి నడిపించి ఈ కథ ఆయన చేతనే చెప్పించండి. పార పట్టిన చేతుల గురించి ఆయనే మాట్లాడాక మీ తోటకు అడ్డు చెప్పడం ఆయనకు కష్టం.

ఒక్క మనవి. తాతగారి జ్ఞాపకాలను పిల్లలకు ప్రసంగంలా చెప్పకండి. మీకు తీపి జ్ఞాపకమైన ఆ కావిడి ఆయన భుజం మీద కాయ కట్టే ఉంటుంది. పిల్లవాడు సగం కడవ మోసి, సగం దారిలో ఒలకబోసుకొని వచ్చినప్పుడు, “మా తాత రోజూ ఇలా ఎన్నోసార్లు మోసేవాడురా” అని ఒక్క ముక్క అంటే చాలు. ఉపమానాన్ని కూడా మొలక కంటే ముందు చెప్పకండి. దారి పక్కన పడ్డ గింజలను కాకులు ఏరుకోవడం వాళ్ళు చూసిన రోజున చెప్పండి. సేద్యగాళ్ళ పిల్లలైతే “దారి మీద ఎవరైనా విత్తనం చల్లుతారా?” అని అడుగుతారు. వెద చల్లేటప్పుడు చేను గట్టు మీద పడే గింజలను గుర్తు చేస్తే వాళ్ళకే తెలుస్తుంది.

ప్రశ్న: మేము కావలి దగ్గర శిబిరంలో వంట చేస్తాము. అరవై, డెబ్బై మందికి వండేటప్పుడు వృథా అయ్యే నీళ్ళను మొక్కలకు పోయవచ్చునా?
— ఇద్దరు తోడికోడళ్ళు, కావలి

జవాబు: బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు నిస్సందేహంగా పోయవచ్చు. పూటకు ఏడెనిమిది కిలోల బియ్యం రెండుసార్లు కడిగితేనే రెండు బిందెల నీళ్ళు వస్తాయి, ఒక వరుస పాదులకు అవి సరిపోతాయి. గంజి వార్చే అలవాటుంటే చల్లారనిచ్చి పోయండి. ఉప్పు వేసిన గంజి, అంట్లు తోమిన సబ్బు నీళ్ళు మాత్రం వద్దు.

ప్రశ్న: శిబిరం ముగిసి పిల్లలు వెళ్ళిపోయాక ఆ మొక్కలకు నీళ్ళు ఎవరు పోస్తారు? గతేడాది మావి అన్నీ ఎండిపోయాయి.
— ఒక యువకుడు, సింగరాయకొండ

జవాబు: ఎవరూ పోయరు నాయనా, అందుకే ఆ సంగతి మొదటి రోజే తేల్చుకోవాలి. సగం విత్తనాలను నేలలో కాకుండా, అడుగున చిల్లు పెట్టిన పాల ప్యాకెట్లలోనో కొబ్బరి చిప్పల్లోనో వేయించండి, అవి పిల్లలతో పాటే ఇళ్ళకు పోతాయి. నేలలో ఉంచేది ఒకే ఒక్క సొరపాదు, అదీ కాపలా ఉండే కుటుంబపు గుడిసె పక్కన. ఆ ఇల్లాలిని ముందే అడిగి, కాపంతా ఆమెదేనని అందరి ముందు చెప్పండి, అప్పుడు ఆ పాదు ఎండదు. బయలుదేరే రోజు మొక్కలకు తెల్లవారుజామునే నీళ్ళు పోసి తడి గోనెపట్టా కప్పండి. బస్సులో కిటికీ పక్కన పెట్టవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. మే నెల వడగాలి తిన్నగా కొడితే ఒంగోలు చేరేలోపే అలసంద ఆకు వాడిపోతుంది, ఒళ్ళో పెట్టుకొంటే ఇల్లు చేరుతుంది.