బుజ్జిగాడికి ఏ కథ చెప్పాలి

చి. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఫోన్‌లో చెప్తే వంటింటి హడావిడిలో సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను.

బుజ్జిగాడు బడిలో పక్కపిల్లల్ని తోసేస్తున్నాడని, పక్కింటి కుక్కపిల్ల తోక లాగుతున్నాడని, ఎన్ని నీతికథలు చెప్పినా ‘అయితే ఏంటి?’ అంటున్నాడని కదా నీ టెన్షన్. వాడికి ఇంకా నాలుగేళ్ళు. తనకి సరదాగా ఉంటే ఎదుటివాళ్ళకీ సరదాగానే ఉంటుందనుకునే వయసు. ఎదుటివాళ్ళ మనసులో వేరే సంగతి ఉంటుందన్న తెలివి పిల్లలకి నాలుగైదేళ్ళప్పుడు మెల్లగా వస్తుంది. కథలు దానికి సాయపడతాయి. అంగన్‌వాడీలో పిల్లల మధ్యే బతికినదాన్ని, ఈ మాట గట్టిగా చెప్పగలను.

ముందు నువ్వు మానాల్సినది ఒకటుంది. వాడు ఎవరినో కొట్టి వచ్చిన కాసేపటికే ‘అనగనగా ఒక చెడ్డ కోతి’ అని మొదలుపెట్టకు. ఆ కోతి ఎవరో వాడికి తెలీదనుకున్నావా? వేషం మార్చుకొచ్చిన తిట్టని ఇట్టే పసిగట్టేస్తాడు. కొట్టినప్పుడు ‘కొట్టకూడదు, వాడికి నొప్పి పుట్టింది’ అని రెండు ముక్కలు చెప్పి ఊరుకో. కథ మాత్రం రాత్రి, పక్క మీద, గొడవ సంగతి ఇద్దరూ మర్చిపోయాక.

ఏ కథ అని అడిగావు. నన్నడిగితే ఏడు చేపల కథ. నవ్వకు. అందరూ కాలక్షేపానికి చెప్పేస్తారు గానీ, అందులో ఎంత ఓపిక ఉందో చూడు. ఒక చేప ఎండలేదు. దాన్ని ఎవరూ తిట్టరు, ఎందుకు ఎండలేదని అడుగుతారు. గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది. గడ్డిని అడిగితే ఆవు మేయలేదంటుంది. ఆవుని కాపరి విప్పలేదు, కాపరికి అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వ దగ్గర పిల్లాడు ఏడుస్తున్నాడు, పిల్లాణ్ణి చీమ కుట్టింది. పోనీ ఆ చీమైనా ఊరికే కుట్టిందా? దాని బంగారు పుట్టలో వేలు పెట్టారు మరి! తప్పు చేసినట్టు కనిపించే ప్రతివాళ్ళకీ తమ సంగతి చెప్పుకునే వంతు వస్తుంది. ‘ఒకరి మీద ఒకరు నెట్టుకునే కథ అది’ అంటారు మీ పెదనాన్న. ఆయన మాట అలా ఉంచు.

చీమ దగ్గరికి వచ్చాక ఒక్క క్షణం ఆగు. ‘పైనుంచి అంత పెద్ద వేలు వస్తుంటే చీమకి ఎలా ఉండుంటుంది రా?’ అని ఒక్క ప్రశ్న వెయ్యి. జవాబు రాకపోతే వదిలెయ్, పరీక్ష పెట్టకు. మర్నాడు దుప్పటిని పుట్టలా చేసి వాణ్ణి అందులో కూర్చోబెట్టు. నువ్వు వేలు పెట్టాలి, వాడు కుట్టాలి. తర్వాత నువ్వు చీమవి, వాడు పిల్లాడు. ఇల్లంతా గోలగోల అవుతుంది, కానివ్వు. లోపల కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో ఆటలో తెలిసినంతగా నా మాటల్లోనో నీ మాటల్లోనో తెలీదు.

ఆ తర్వాత పంచతంత్రంలో వలలో పడ్డ పావురాల కథ చెప్పు. వలతో సహా ఎగిరిపోయిన చోట ఐకమత్యం అని అందరూ ఆగిపోతారు. నువ్వు ఇంకాస్త ముందుకి వెళ్ళు. ఎలుక హిరణ్యకుడు తన స్నేహితుడు కదా అని ముందు పావురాల రాజు చిత్రగ్రీవుడి కట్లు కొరకబోతాడు. రాజు ఒప్పుకోడు, ముందు తనవాళ్ళని విడిపించమంటాడు. అక్కడ ‘నువ్వు రాజువైతే ముందు ఎవర్ని విడిపించమంటావు?’ అని అడుగు. ‘నన్నే’ అంటాడు చూడు. సరిదిద్దకు. మనసులో ఉన్నది దాచకుండా చెప్పాడు, చాలు. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ అడుగు.

ఆవు–పులి కథ ఇప్పుడే వద్దు. ఎంత గొప్ప కథైనా, దూడకి పాలిచ్చి, బుద్ధులు చెప్పి, పులి దగ్గరికి వెళ్ళిపోయే తల్లిని తలుచుకుని కొందరు పిల్లలు బెంగపెట్టుకుంటారు. అసలే నువ్వు ఆఫీసుకి వెళ్తుంటే వాడు ఏడుస్తున్నాడంటున్నావు. ఆరేళ్ళు రానీ. శిబి చక్రవర్తి ఇంకా పెద్దయ్యాక. కోతి–మొసలి చెప్పుకోండి, నవ్వుకోండి, కానీ అది తెలివితేటల కథ. బూచాడు మాత్రం మన ఇంట్లో వినపడకూడదు. భయపడ్డ పిల్లాడికి తన ప్రాణం తప్ప ఇంకొకరి సంగతి పట్టదు.

‘ఈ కథలో నీతి ఏమిటంటే’ అన్న ముక్క తీసెయ్. కథ కంచికి, మనం ఇంటికి, లైటు ఆర్పెయ్యి. చెప్పిందే మళ్ళీ చెప్పమంటే విసుక్కోకుండా అదే చెప్పు. మాట మారిస్తే వాడే దిద్దుతాడు. అల్లుడుగారు టూర్లలో ఉన్నప్పుడు వీడియో కాల్‌లో చీమ గొంతో, ఎలుక గొంతో ఆయన చేత చెప్పించు. ఆయనకి మిమిక్రీ సరదా ఉందిగా.

పుస్తకాలు కొనాలా అన్నావు. పెద్ద బొమ్మలు, తక్కువ అక్షరాలు ఉన్నవి ఒకటి రెండు చాలు. బొమ్మలో మొహాలు చూపించి ‘ఈ పాప ఎందుకు మూతి ముడుచుకుంది?’ అని వాడి చేతే కథ చెప్పించు.

ఇదంతా వారం రోజుల్లో అయ్యే పని కాదు. ఈలోగా కుక్కపిల్ల దగ్గర వాణ్ణి ఒక్కణ్ణీ వదలకు. పక్కన కూర్చుని, నీ చేత్తో వాడి చెయ్యి పట్టుకుని వీపు మీద మెల్లగా నిమిరించు. అది తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు అసలు దగ్గరికి పోనివ్వకు. మన కథలు కుక్కకి తెలీవు కదా.

ఇట్లు,
మీ పెద్దమ్మ