ఫోన్ మానేయక్కర్లేదు, ముందు రీల్స్ తీసేయండి

ప్రశ్న: నా వయసు 34. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూస్తాను. ఆ తర్వాత నిద్ర పట్టదు, పొద్దున్నే కళ్లు మంటలు. స్మార్ట్‌వాచ్‌లో నిద్ర స్కోరు చూస్తే ఇంకా టెన్షన్. అన్నీ మానేసి బటన్ ఫోన్‌కు మారిపోవాలనుంది. కానీ మదనపల్లెలో ఉన్న నాన్నగారికి బీపీ, షుగర్. రోజూ వీడియో కాల్ చేస్తాను. ఏది వదలాలి?
- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: నాన్నగారితో వీడియో కాల్ మాత్రం వదలకండి. మూతి ఒక పక్కకు లాగినా, చెయ్యి పైకి లేవకపోయినా అందులో కనబడుతుంది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో ఇవి పక్షవాతం లక్షణాలు కావచ్చు. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకుండా అక్కడున్నవాళ్ల చేత 108కి ఫోన్ చేయించాలి. బటన్ ఫోన్‌కు మారితే ఆయన్ను ఇలా చూడలేరు.

మీ నిద్ర పాడుచేస్తున్నవి రెండే. మొదటిది రీల్స్. సినిమా అయితే ఎక్కడో ఒకచోట అయిపోతుంది, రీల్స్‌కు ఆ ముగింపు లేదు. తర్వాతది ఇంకా బాగుంటుందేమోనన్న ఆశ మిమ్మల్ని పడుకోనివ్వదు. స్క్రీన్ వెలుతురు మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్‌ను తగ్గిస్తుందన్నది నిజమే. అయినా, నా దృష్టిలో అంతకంటే పెద్ద నష్టం పోయిన ఆ గంటలే. అందుకే నైట్ మోడ్ పెట్టుకున్నంత మాత్రాన సరిపోదు. ఆ యాప్ తీసేయండి. ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టి, రింగ్ వినబడేలా ఉంచండి, నాన్నగారి ఫోన్ వస్తే లేవొచ్చు. పొద్దున లేవడానికి మామూలు అలారం గడియారం కొనుక్కోండి.

రెండోది వాచీ. అది మీ కదలికలు, గుండె వేగం చూసి నిద్రను అంచనా వేస్తుంది, అంతే. ఆసుపత్రిలో చేసే నిద్ర పరీక్షలో మెదడు తరంగాలు కూడా కొలుస్తారు. స్కోరు కోసం ఆందోళన పడితే ఉన్న నిద్ర కూడా పోతుంది. ఈ బాధకు వైద్యంలో ఆర్థోసోమ్నియా అనే పేరు కూడా ఉంది. రాత్రిళ్లు వాచీ తీసి పక్కన పెట్టండి. గుండె సమస్య వల్ల డాక్టరే పెట్టుకోమని ఉంటే మాత్రం ఆయన్ను అడిగాకే తీయండి.

ల్యాప్‌టాప్ మీ జీవనోపాధి, దాని జోలికి వెళ్లొద్దు. స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్ప వేయడం తగ్గి కళ్లు ఎండిపోతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి.

వారానికి 3 రాత్రుల చొప్పున 3 నెలలుగా నిద్ర పట్టకపోతే, లేదా గట్టిగా గురక పెడుతూ పగలు తూగుతుంటే డాక్టరుకు చూపించుకోండి. చూడొద్దనుకున్నా చెయ్యి ఫోన్ మీదికే పోతుంటే సిగ్గుపడకండి. బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో దీని కోసమే 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.