బెయిల్ వచ్చాక కూడా జైల్లోనే ఉంటే: షూరిటీలు కొనకండి, షరతు మార్పించుకోండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. తమ్ముడు హైదరాబాద్‌లో డెలివరీ పని చేసేవాడు. ఫ్రెండ్ అడిగితే తన బ్యాంక్ అకౌంట్ వాడుకోమని ఇచ్చాడు, అందులో ఎవరో మోసం చేసిన డబ్బు పడిందని సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్ట్ చేశారు. బెయిల్ వచ్చి నెల దాటింది, 20 వేల చొప్పున ఇద్దరు షూరిటీలు (జామీనుదారులు) కావాలన్నారు. మా మేనమామ ఊర్నించి కాగితాలు తెస్తే లోకల్ వాళ్లే కావాలని వెనక్కి పంపేశారు. అమ్మ అన్నం సరిగ్గా తినట్లేదు. కోర్టు దగ్గర ఒకాయన 18 వేలిస్తే ఇద్దర్నీ తనే పెట్టిస్తానంటున్నాడు. డాలస్‌లో ఉన్న మా పెద్దనాన్న కొడుకు అక్కడైతే బెయిల్ బాండ్ ఏజెన్సీలుంటాయి, ఇక్కడ కూడా దగ్గర్లో ఏదైనా ఉందేమో చూడమంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడు ఫ్రెండ్ అడిగితే అకౌంట్ ఇచ్చాడని రాశారు. అది రేపు ట్రయల్‌లో మీ లాయర్ చెప్పాల్సిన మాట, ఇప్పుడు దానితో పని లేదు, ఎందుకంటే బెయిల్ ఆల్రెడీ వచ్చేసింది. అతన్ని లోపల ఆపుతున్నది కేసు కాదు, షూరిటీ షరతు. షరతు కుదరకపోతే మార్చమని కోర్టునే అడగాలి, మీరేమో నెల రోజులుగా షరతుకి సరిపోయే మనుషుల్ని వెతుక్కుంటూ కూర్చున్నారు.

ముందు ఒకటి చెప్పండి. మామయ్య కాగితాలు వెనక్కి పంపింది ఎవరు? జడ్జి గారా, కోర్టు స్టాఫా, మీ లాయర్ దగ్గర గుమాస్తానా? ఉత్తరంలో అది లేదు, అసలు బెయిల్ ఆర్డర్ కాపీ మీరు కళ్లతో చూసినట్టు కూడా లేదు. ఇది చాలా పెద్ద నిర్లక్ష్యం అమ్మా, తమ్ముడు లోపల ఉంటే ఆర్డర్‌లో ఏం రాసుందో చదవకుండా ఎవరో వరండాలో చెప్పిన మాట పట్టుకుని ఇంటికి ఎలా వెళ్లిపోతారు. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబర్ కొట్టి ఆర్డర్ అప్‌లోడ్ అయిందేమో ఈరోజే చూడండి, లేకపోతే సర్టిఫైడ్ కాపీకి అప్లై చేయించండి. లోకల్ షూరిటీయే కావాలని అందులో లేకపోతే మామయ్య కాగితాలు మెమోతో (కోర్టుకి ఇచ్చే చిన్న వినతి) సహా మళ్లీ ఫైల్ చేయించండి. పట్టాదారు పాస్‌బుక్కు గానీ ఇంటి పన్ను రసీదు గానీ మామయ్య సొంత పేరు మీదే ఉండాలి, చనిపోయిన తాతగారి పేరు మీద ఉన్నవి తెస్తే వెనక్కే వస్తాయి. వాల్యుయేషన్ సర్టిఫికెట్, ఆధార్, ఫోటోలు, ఇంతకుముందు ఎంతమందికి షూరిటీ ఉన్నాడో చెప్పే డిక్లరేషన్ కూడా పెట్టండి. కాదంటే ఎందుకు కాదంటున్నారో కాగితం మీద రాయించుకోండి, రేపు పై కోర్టుకి వెళ్లాలంటే చూపించడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

లోకల్ అనే షరతు ఆర్డర్‌లోనే ఉన్నా భయపడక్కర్లేదు. 1978లో మోతీరాం కేసు అని సుప్రీంకోర్టుకి వెళ్లింది, అతను తాపీ మేస్త్రీ, 10 వేల షూరిటీ అడిగి, అతని తమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని వద్దన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ గారు అది తప్పని గట్టిగా చెప్పారు. దేశమంతా ఒకటే అయినప్పుడు పక్క జిల్లా వాడు పరాయివాడు ఎలా అవుతాడన్నదే అక్కడి ప్రశ్న. మీకు జిల్లా మారి రాష్ట్రం కూడా మారింది, అయినా సూత్రం అదే. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా ఆదేశాలిచ్చింది: లోకల్ షూరిటీ షరతు వల్ల రిలీజ్ లేటవుతోంది కాబట్టి కోర్టులు అలాంటిది పెట్టకపోవచ్చని, బెయిల్ ఇచ్చి నెలలోపు బాండ్లు ఇవ్వకపోతే షరతులు సడలించాలా అని కోర్టు తనంతట తనే పరిశీలించవచ్చని, బయటికొచ్చి షూరిటీలు తెచ్చుకుంటానంటే తగిన కేసుల్లో కొన్నాళ్లకి తాత్కాలిక బెయిల్ కూడా ఇవ్వవచ్చని. మీకు నెల దాటిందంటున్నారు, ఆర్డర్ కాపీలో తేదీ కూడా చూసుకోండి, ఆ నెల లెక్క దాన్నుంచే.

కాబట్టి అదే కోర్టులో షరతు సడలించమని పిటిషన్ వేయించండి. షూరిటీ బదులు డబ్బు డిపాజిట్ చేస్తామని బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులొచ్చిన కొత్త చట్టం) 490 సెక్షన్ కింద అడగొచ్చు, షరతులు తప్పకుండా కేసు అయ్యేదాకా ఉంటే ఆ డబ్బు తిరిగొస్తుంది. బ్రోకర్‌కి ఇచ్చే 18 వేలు అయితే పోయినట్టే. మేజిస్ట్రేట్ గారు ఒప్పుకోకపోతే అదే చట్టం 484 సెక్షన్ కింద సెషన్స్ కోర్టుకి వెళ్లి మొత్తం తగ్గించమనండి. అంత డబ్బు లేదంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. బెయిల్ వచ్చి 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంస్థ సెక్రటరీకి చెప్పాలి, చెప్పారా లేదా అని మీరు కూడా అడగండి. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో పెట్టిన పథకంలో విచారణ ఖైదీకి సాయం ఉంది, మొదట్లో అది 40 వేల దాకా ఉండేది, ఇప్పుడు ఎంతో ఆ సంస్థలోనే అడగండి. ఎన్‌డీపీఎస్ (డ్రగ్స్), మనీ లాండరింగ్ లాంటి కేసులకి అది వర్తించదు, తమ్ముడిది ఏ సెక్షన్లో ఎఫ్ఐఆర్‌లో చూడండి.

ఇక ఆ 18 వేల మనిషి సంగతి. దయచేసి అతని జోలికి పోకండి. ఇలాంటి చోట తెచ్చే షూరిటీల్లో ఒకడి పేరు మీద ఇంకొకడు నిలబడటం, దొంగ పన్ను రసీదులు, ఒకే ఇంటిని పది కేసుల్లో చూపించడం ఉంటాయి. వేరే మనిషిలా నటించి జామీను ఉంటే బీఎన్ఎస్ (ఐపీసీ బదులొచ్చిన చట్టం) 242 సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఫోర్జరీ కేసు వేరే. డబ్బిచ్చి తెప్పించింది మీరు కాబట్టి ఆ కేసులో మీ పేరూ రావచ్చు. మోసం వల్ల సరిపోని షూరిటీలు తీసుకున్నట్టు తేలితే బీఎన్ఎస్ఎస్ 488 కింద తమ్ముడికి వారెంట్ ఇచ్చి మళ్లీ సరైన షూరిటీలు తెమ్మంటారు, తేలేకపోతే మళ్లీ లోపలికే. అప్పుడు కొత్తగా బెయిల్ షరతు తగ్గించమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతారు?

డాలస్‌లోని మీ అన్నయ్య చెప్పేది అమెరికా పద్ధతి. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఏజెన్సీకి మామూలుగా బెయిల్ మొత్తంలో 10 శాతం కడితే వాళ్లు కోర్టుకి పూచీ ఉంటారు, ఆ 10 శాతం తిరిగి రాదు. అక్కడే ఇల్లినాయ్, కెంటకీ లాంటి చోట్ల ఆ వ్యాపారమే లేదు. మన దగ్గర అలాంటి లైసెన్సు వ్యాపారం లేదు, జామీనుదారు నష్టం మేము భరిస్తామని రాసుకునే ఒప్పందం కూడా ప్రజా విధానానికి విరుద్ధం కాబట్టి చెల్లదు. ఇక్కడ ఎవరైనా బెయిల్ సర్వీస్ అని బోర్డు పెడితే అది వకీలు ఆఫీసు అయినా అయ్యుండాలి, పైన చెప్పిన మనిషి అయినా అయ్యుండాలి.

ఇంకొక్కటి, ఇలాంటి అకౌంట్ కేసుల్లో తరచూ జరిగేది. ఆ అకౌంట్‌లోకి వేరే రాష్ట్రాల బాధితుల డబ్బు కూడా పడి ఉంటే అక్కడా ఎఫ్ఐఆర్‌లు ఉండొచ్చు, పీటీ వారెంట్ (జైల్లో ఉన్న మనిషిని వేరే కేసులో హాజరుపరచమనే ఆర్డర్) జైలుకి వచ్చి ఉంటే ఇక్కడ షూరిటీలు పెట్టినా గేటు దాటడు. ఈసారి ములాఖత్‌కి వెళ్లినప్పుడు జైలు ఆఫీసులో ఇది కచ్చితంగా అడగండి. ఉంటే ప్రతి కేసులో విడిగా బెయిల్ కావాలి, కానీ ఒక రాష్ట్రంలోని కేసులన్నిటికీ అవే షూరిటీలు సరిపోతాయని 2024లో గిరీష్ గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, ఆ తీర్పు లాయర్‌కి చూపించండి.

మామయ్యకి కూడా ముందే చెప్పండి, తమ్ముడు వాయిదాకి రాకపోతే ఆ 20 వేలు ఆయన దగ్గరే వసూలు చేస్తారు, కట్టకపోతే ఆరు నెలల దాకా సివిల్ జైలు ఉంటుంది. తెలిసీ సంతకం పెడితేనే పెట్టించండి.