రాతి నేలమాళిగలోకి నీళ్లు

ప్రశ్న: మాది పాత రాతి ఇల్లు. గట్టిగా వాన పడితే నేలమాళిగ గోడల అడుగున నీళ్లు ఊరుతున్నాయి. లోపల సిమెంటు పూసి, వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయిస్తే సరిపోతుందా?

జవాబు: ఆ పెయింట్ డబ్బులు దాచుకోండి. నీళ్లు బయటి నుంచి తోస్తుంటే లోపలి పూత ఎన్నాళ్లు ఆగుతుంది? బుడగలు లేచి ఊడిపోతుంది. పైగా పాత రాతి గోడ సాధారణంగా సున్నంతో కట్టింది. సున్నం చెమ్మను పీల్చి మెల్లగా వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి గోడలోనే చిక్కుకుంటుంది, సున్నం మెత్తబడి రాలుతుంది. ఏ మేస్త్రీ అయినా ముందు సిమెంటు బస్తా తెమ్మంటే నాకు అనుమానమే.

ఈసారి వాన కురిసేటప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ తిరగండి. చాలా ఇళ్లలో దొంగ పైనే దొరుకుతాడు: చెత్తతో పూడిపోయిన చూరు కాలువ, గోడ మొదట్లోనే నీళ్లు పోసే గొట్టం. ఆ గొట్టాన్ని కనీసం 6 అడుగుల దూరానికి పొడిగించండి. గోడ పక్క నేలను 10 అడుగులకు 6 అంగుళాల చొప్పున బయటికి వాలుగా సర్దండి. రాళ్ల సందుల్లో పొడిపొడిగా రాలుతున్న సున్నం గీకి, మళ్లీ సున్నమే నింపించండి.

అప్పటికీ ఊరితే గోడ వెంట కందకం తీసి, కంకరలో చిల్లుల పైపు వేయించాలి. అయితే పునాది అడుగు కంటే లోతుకు తవ్వనివ్వకండి, గోడ కుంగుతుంది.