మెస్‌లో బొద్దింకలున్నాయని నోటీసిచ్చారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: అమీర్‌పేటలో భార్యాభర్తలం కలిసి మెస్ నడుపుతున్నాం. ఫుడ్ సేఫ్టీ వాళ్లిచ్చే స్టేట్ లైసెన్స్ ఉంది. పోయిన వారం ఫుడ్ సేఫ్టీ అధికారులు తనిఖీకి వచ్చారు. స్టోర్ రూములో ఎలుక పెంటికలు, వంటగదిలో బొద్దింకలు, మూతల్లేని చెత్తడబ్బాలు ఉన్నాయని, పెస్ట్ కంట్రోల్ రికార్డు లేదని రాసుకుని పదిహేను రోజుల గడువుతో ఇంప్రూవ్‌మెంట్ నోటీసు (లోపాలు సరిదిద్దుకోమనే నోటీసు) ఇచ్చారు. వంటగది వెనక డ్రైనేజీ పైపు పగిలి ఉంది. ఎన్నిసార్లు అడిగినా బిల్డింగ్ ఓనర్ బాగుచేయించలేదు. కేసు పెడతారేమో, జైలుకు వెళ్లాల్సి వస్తుందేమోనని ఒకటే టెన్షన్. తెలిసినాయన ఒకరు ‘కొంత ముట్టజెబితే ఫైలు మూయిస్తా’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ తెలిసినాయనకు వద్దని చెప్పేయండి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇచ్చినవాళ్లకు కూడా ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఎవరైనా బలవంతపెట్టి తీసుకుంటే, ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేసినవాళ్లకు ఆ శిక్ష వర్తించదు. తెలంగాణ ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. మీ మీద ఇప్పుడు ఉన్న ఆరోపణకు జైలు శిక్షే లేదు. లేనిదాన్ని డబ్బిచ్చి కొనితెచ్చుకోకండి.

జైలు ఎందుకు లేదో చెప్తాను. అపరిశుభ్రమైన చోట ఆహారం తయారు చేస్తే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని సెక్షన్ 56 కింద లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు, అంతే. అది కూడా క్రిమినల్ కోర్టుకు వెళ్లదు. అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి విచారించి వేస్తారు. ఎంత వేయాలో తేల్చేటప్పుడు సెక్షన్ 49 ప్రకారం కొన్ని విషయాలు చూడాలి: తప్పు వల్ల మీకెంత లాభం వచ్చింది, ఎవరికైనా నష్టం జరిగిందా, తెలిసే చేశారా, మళ్లీ మళ్లీ చేస్తున్నారా. అందుకే ఈ పదిహేను రోజుల్లో మీరు చేసే ప్రతి పనికీ విలువ ఉంది. లోపాలు సరిదిద్దుకున్నంత మాత్రాన జరిమానా తప్పుతుందని హామీ ఇవ్వలేను, తగ్గించమని అడగడానికి మాత్రం ఆధారం ఉంటుంది.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. అదే బొద్దింక, అదే పురుగు వడ్డించిన కూరలోకి చేరితే వ్యవహారం మారిపోతుంది. పురుగు పట్టిన ఆహారాన్ని ఈ చట్టం ‘సురక్షితం కాని ఆహారం’ కిందే లెక్కగడుతుంది. అది సెక్షన్ 59 కింద నేరం. ఎవరికీ ఏమీ కాకపోయినా, 2023 సవరణ తర్వాత, మూడు నెలల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. తిన్నవాళ్లు జబ్బుపడితే శిక్ష ఏడాది దాకా, తీవ్రంగా దెబ్బతింటే ఆరేళ్ల దాకా పెరుగుతుంది. ప్రాణం పోతే కనీసం ఏడేళ్లు. పైగా సెక్షన్ 65 కింద బాధితులకు నష్టపరిహారం కూడా కట్టాల్సి రావచ్చు. అమీర్‌పేటలో మీ దగ్గర తినేది ఎక్కువగా కోచింగుల కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలే అయి ఉంటారు. పరీక్ష ముందు టైఫాయిడ్ వచ్చి ఏడాది చదువు పోతే ఏ జరిమానా దాన్ని వెనక్కి తేలేదు.

ఇక నోటీసు సంగతి. ఇది సెక్షన్ 32 కింద వచ్చింది. ఏ లోపాలున్నాయో, ఏం చేయాలో అందులో స్పష్టంగా రాయాలి. గడువు పద్నాలుగు రోజులకు తగ్గకూడదు. వాళ్లు చెప్పిన పనే చేయాలని లేదు, దానికి సమానమైన ఏర్పాటు చేసినా చట్టం ఒప్పుకుంటుంది. గడువులోగా చేయకపోతే లైసెన్స్ సస్పెండ్ చేయొచ్చు. అప్పటికీ మారకపోతే సంజాయిషీ అడిగి రద్దు చేయొచ్చు. ప్రజల ఆరోగ్యానికి ముప్పుందనుకుంటే కారణాలు రాసి వెంటనే సస్పెండ్ చేసే అధికారం కూడా వాళ్లకు ఉంది.

చేయాల్సిన పనుల్లో పెస్ట్ కంట్రోల్ వాళ్లతో ఒకసారి స్ప్రే కొట్టించి ఊరుకునేవాళ్లే ఎక్కువ. మందు వాసన పోయేసరికి బొద్దింకలు మళ్లీ వస్తాయి. అవి ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో, పొయ్యి వెనక గోడ పగుళ్లలో, అట్టపెట్టెల్లో, గుడ్ల ట్రేలలో దాక్కుంటాయి. ఆ అట్టలన్నీ ఈ రోజే బయట పడేయండి. పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి. బియ్యం బస్తాలు గోడకు ఎడంగా చెక్క బల్లల మీదికి ఎక్కించండి. తలుపు కింద ఎలుక దూరే సందు లేకుండా రేకు కొట్టించి, కిటికీలకు జాలీ, డ్రైనేజీ మూతికి ఇనుప జల్లెడ పెట్టించండి. పెంటికలు కనిపించిన బస్తాల్లోని బియ్యం ఏరి, కడిగి వండొద్దు. ఆ నష్టం భరించాల్సిందే.

ప్రతి పనికీ ముందూ వెనకా తేదీతో ఫోటోలు తీయండి. పెస్ట్ కంట్రోల్ బిల్లు, వాడిన మందు పేరు, మళ్లీ ఎప్పుడు రావాలో రాసిన కాగితం, నీటి పరీక్ష రిపోర్టు, పనివాళ్ల మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఒకే ఫైలులో పెట్టండి. మెడికల్ పరీక్ష ఏడాదికోసారి చేయించాలి. ‘క్లీన్‌గానే ఉంటుంది సార్’ అని నోటితో ఎంత చెప్పినా విచారణలో నిలబడేది ఆ ఫైలే.

ఓనర్ బాగుచేయించలేదన్న మాట ఫుడ్ సేఫ్టీ అధికారి ముందు చెల్లదు. లైసెన్స్ మీ పేరున ఉంది కాబట్టి బాధ్యత మీదే. అలాగని ఆయన్ని వదిలేయక్కర్లేదు. డ్రైనేజీ రిపేరు ఎవరు చేయించాలో మీ అద్దె ఒప్పందంలో చూడండి. అది ఆయన బాధ్యతే అయితే గడువు పెట్టి, నోటీసు కాపీ జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. సమంజసమైన సమయంలో స్పందించకపోతే మీరే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 చెబుతోంది. ఒప్పందంలో అందుకు విరుద్ధంగా రాసుకుంటే మాత్రం అదే చెల్లుతుంది. ఆయన జవాబు కోసం చూస్తూ గడువు పోగొట్టుకోకండి. ఈలోగా పైపుకు తాత్కాలికంగానైనా మరమ్మతు చేయించండి.

మీ మెస్‌లో లేని లోపాన్ని నోటీసులో రాశారనిపిస్తే ఫుడ్ సేఫ్టీ కమిషనర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అందిన రోజు నుంచి పదిహేను రోజులు లేదా నోటీసులో ఇచ్చిన గడువు, ఏది ముందు ముగిస్తే అంతలోపే వేయాలి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇక్కడ అప్పీలుకు బలం కనిపించడం లేదు. గడువుకు రెండు మూడు రోజుల ముందే ఫోటోలు, బిల్లులు జతచేసి, పనులు పూర్తయ్యాయని, మళ్లీ తనిఖీ చేయమని డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు (ఈ నోటీసు జారీచేసే అధికారికి) రాసివ్వండి. మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తనిఖీకి వచ్చిన రోజు మీరో, మీ ఆవిడో తప్పకుండా ఉండి, వాళ్లు రాసిన రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి.